ఇంటి పన్నుకు పదిహేను శాతం కళ్లెం: ఆగేది ఎంత, ఆగనిది ఎంత

ఏటా 15 శాతం చొప్పున పెరిగేది ఏదైనా ఐదేళ్లకు రెట్టింపు అవుతుంది. వెయ్యి రూపాయల ఇంటి పన్ను మొదటి ఏడాది 1,150, రెండో ఏడాది 1,322, మూడో ఏడాది 1,521, నాలుగో ఏడాది 1,749, ఐదో ఏడాదికి 2,011. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో కొత్త పన్ను విధానం మొదలైనప్పుడు, పెంపు 15 శాతం దాటదని ప్రభుత్వం చెప్పింది. చాలా ఇళ్లలో దీన్ని 'ఈసారికి 15 శాతం పెరుగుతుందట' అని అర్థం చేసుకున్నారు. మరుసటి ఏడాది మళ్లీ 15, ఆ తర్వాత మళ్లీ 15 వచ్చేసరికి, 'ఒకసారి పెంచారు కదా, మళ్లీ ఎందుకు?' అన్న ప్రశ్న మొదలైంది.

హామీలో అబద్ధం లేదు. 15 శాతం అనేది మొత్తం పెంపు కాదు, ఒక ఏడాదిలో పెంచగలిగిన గరిష్ఠం. అసలు పన్ను ఎంతకు చేరాలో అది వేరే చోట, వేరే లెక్కతో తేలిపోయింది. అక్కడికి ఒక్క అంగలో కాకుండా మెట్టు మెట్టుగా తీసుకెళ్లడమే ఈ పరిమితి పని. పెంపుకు పరిమితి పెట్టడం ముమ్మాటికీ మంచి పనే. కాకపోతే మెట్లు ఎన్నో, పై మెట్టు ఎక్కడుందో ఇంటాయనకు చెప్పకపోతే ఆ మేలు సగమే అందుతుంది.

ఇంటి పన్ను దెబ్బ ఎందుకు వేరు

ఆదాయపు పన్ను ఆదాయం వస్తేనే పడుతుంది. జీఎస్టీ ఏదైనా కొంటేనే పడుతుంది. ఇంటి పన్ను అలా కాదు. ఆ ఇంట్లోకి నెలకు ఎంత వస్తోందో అది అడగదు, ఇల్లు ఎంత చేస్తుందో మాత్రమే అడుగుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఊరి చివర స్థలం కొని, జీపీఎఫ్ డబ్బులతో రెండు గదులు వేసుకున్న రిటైర్డ్ టీచర్‌ని తీసుకుందాం. ఆ తర్వాత ఊరు పెరిగింది, రోడ్డు వెడల్పయింది, ఎదురుగా షాపింగ్ మాల్ లేచింది. స్థలం విలువ పదింతలు అయింది. ఆయన పెన్షన్ మాత్రం పదింతలు కాలేదు. విలువ పెరిగిందన్నది కాగితం మీది మాట, అమ్మితే తప్ప అది చేతికి రాదు. గోడలోంచి నాలుగు ఇటుకలు తీసి పన్ను కట్టడం కుదరదు కదా.

మన దగ్గర ఇంటి పన్ను మొత్తం మరీ ఎక్కువేమీ కాదు. సామాన్య కుటుంబానికి చాలాచోట్ల అది ఏడాదికి కొన్ని వేలే. ఇబ్బంది మొత్తంతో కాదు, ఉన్నట్టుండి వచ్చే పెంపుతో. పిల్లల ఫీజు, చీటీ, ఈఎంఐ, మందులు అన్నీ ముందే లెక్క వేసుకున్న ఇంట్లో మూడు వేలు ఏడు వేలైతే, ఆ నాలుగు వేలు ఎక్కడినుంచి తేవాలన్నది నిజమైన టెన్షన్. ఆ ఏడాది కట్టలేకపోతే బకాయి మీద నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24. మరోవైపు ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలలోనే కట్టేసిన వాళ్లకు 5 శాతం రాయితీ. చేతిలో డబ్బు ఆడే ఇంటికి తగ్గింపు, ఆడని ఇంటికి వడ్డీ. పన్ను ఒక్కసారిగా పెంచినప్పుడు ముందుగా రెండో గుంపులోకి జారేది వృద్ధులు, ఒంటరి మహిళలు, చిన్న పెన్షన్లమీద బతికేవాళ్లు. పరిమితి కావాలనడానికి అసలు కారణం ఇదే.

గుంటూరు పేరు మీద ఒక తీర్పు

ఈ పెద్ద పెంపులు ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రాజ్యాంగం ప్రకారం భూములు, భవనాల మీద పన్ను రాష్ట్రాల పరిధిలోది. రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారంతో మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేస్తాయి. చాలాకాలం ఈ పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. అంటే ఆ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో అంత. యజమాని తానే ఉంటున్నా సరే, అద్దెకిచ్చినట్టే ఊహించి లెక్క కడతారు.

ఎంత అద్దె ఊహించాలి అన్నదానిమీద గుంటూరులో గొడవ వచ్చింది. అప్పటికే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది, దాని ప్రకారం 'న్యాయమైన అద్దె' అంటూ ఒకటి ఉంటుంది. బజారులో పలికే అద్దె చూసి పన్ను వేయడం తప్పని పట్టణంలోని పన్ను చెల్లింపుదారుల సంఘం కోర్టుకు వెళ్లింది. 1970లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. న్యాయమైన అద్దెను అధికారి ఇంకా ఖరారు చేయకపోయినా, మున్సిపాలిటీ ఆ చట్టం సూత్రాల ప్రకారమే లెక్క కట్టాలంది. గుంటూరు మున్సిపల్ కౌన్సిల్ కేసు పేరుతో ఆ తీర్పు తర్వాత దేశమంతటా ఎన్నో పన్ను వివాదాల్లో ఆధారమైంది.

ఇంటివాళ్లకు అది పెద్ద ఊరట. అయితే దాని వెనక మరో ఫలితం కూడా ఉంది. నియంత్రణలో ఉన్న అద్దె ఎక్కడిదక్కడే ఉంటుంది, దానికి ముడిపడిన పన్ను కూడా అక్కడే ఆగిపోతుంది, ఊరి ఖర్చులు మాత్రం ఆగవు. తర్వాత రాష్ట్రం పద్ధతి మార్చి, పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, కట్టడం రకాన్ని బట్టి చదరపు అడుగుకు ఇంత అని రేటు పెట్టింది. రేట్లను మళ్లీ మళ్లీ సవరిస్తూ ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ సవరణే జరగలేదు. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో నివాస గృహాలకు 2002లో సాధారణ సవరణ అయ్యాక, మళ్లీ దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. ఏ ప్రభుత్వమూ ఆ తేనెతుట్టెను కదపడానికి సాహసించలేదు, ఎప్పుడూ ఏదో ఒక ఎన్నిక ముందే ఉంటుంది మరి. పెంచని ప్రతి ఏడాదీ ఇంటివాళ్లకు మేలే అనిపిస్తుంది. నిజానికి ఆ ఏళ్లన్నీ పేరుకుని, చివరికి ఒకేసారి మీద పడతాయి.

ఒకేసారి పడే రోజు 2020లో వచ్చింది. కరోనా ఏడాది రాష్ట్రాల ఖజానాలు ఖాళీ అయ్యాయి. రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 3 శాతానికి బదులు 5 శాతం దాకా అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం అనుమతిస్తూ, అదనపు అప్పులో కొంత భాగానికి నాలుగు సంస్కరణల షరతు పెట్టింది. అందులో ఒకటి పట్టణ సంస్థల ఆదాయానికి సంబంధించినది: ఆస్తి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఉండాలి. ఆ షరతును దేశంలో ముందుగా పూర్తిచేసిన రెండు రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. అందుకు ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన అదనపు అప్పు అనుమతి 2,525 కోట్ల రూపాయలు. కొద్దిరోజులకే తెలంగాణ కూడా ఆ వరుసలో చేరింది, దానికి 2,508 కోట్లు. పన్ను పెరిగేది బెజవాడలోనో అనంతపురంలోనో, దాన్ని కదిలించిన నిర్ణయం ఢిల్లీలోది. ఇంటాయన వార్డు ఆఫీసులో ఎంత అడిగినా పూర్తి జవాబు దొరకకపోవడానికి ఇదొక కారణం.

కాగితం మీద ఒక ఇల్లు

కొత్త విధానంలో అద్దె లెక్క పోయింది, మూలధన విలువ వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ విలువల ప్రకారం స్థలం ఎంత, కట్టడం ఎంత అని చూసి, రెండూ కలిపి వచ్చిన మొత్తం మీద శాతం వేస్తారు. నివాస గృహాలకు ఆ శాతం 0.10 నుంచి 0.50 లోపు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 లోపు ఉండాలని నిబంధన. 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే. పాత భవనాలకు కొత్త లెక్క ప్రకారం ఎంత వచ్చినా, పెంపు పాత పన్ను మీద 15 శాతం దాటకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం, అంకెలు అర్థం కావడానికి అనుకున్నవే. 2020-21లో ఏడాదికి 2,400 రూపాయలు కట్టిన ఇల్లు. స్థలం, కట్టడం కలిపి మూలధన విలువ 40 లక్షలు. రేటు 0.15 శాతం. కొత్త పన్ను 6,000. పరిమితి లేకపోతే ఒక్క ఏడాదిలో 2,400 కాస్తా 6,000, అంటే రెండున్నర రెట్లు. పరిమితి ఉంది కాబట్టి 2021-22లో 2,760. ఆపై 3,174, 3,650, 4,198, 4,827, 5,551. ఏడో ఏడాది, 2027-28లో, 6,000 దగ్గర ఆగుతుంది. ఏడేళ్ల సమయం చిన్నదేమీ కాదు. ఈ మధ్యలో జీతమో పెన్షనో ఎంతోకొంత పెరుగుతుంది, పిల్లల చదువు ఒకటి పూర్తవుతుంది. దెబ్బను ఏడు ముక్కలు చేయడంలో నిజమైన ఉపశమనం ఉంది.

అయితే ఈ లెక్కలో ఒక అంకె కదలకుండా ఉంటుందని అనుకున్నాం, 40 లక్షలు. అది కదులుతుంది. రిజిస్ట్రేషన్ విలువల్ని ప్రభుత్వం అప్పుడప్పుడు సవరిస్తూనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో కూడా ఆంధ్రప్రదేశ్‌లో సవరించారు. ఆ విలువ ఏటా సగటున 5 శాతం పెరిగి, పన్ను కూడా దాని వెంటే నడిచిందనుకుంటే గమ్యం 6,000 దగ్గర నిలబడదు. ఇంటాయన 15 శాతం చొప్పున ఎక్కుతుంటే పై మెట్టు కూడా 5 శాతం చొప్పున పైకి జరుగుతుంటుంది. అప్పుడు ఆయన దాన్ని అందుకునేది ఏడో ఏడాది కాదు, పదో ఏడాది. అప్పటికి పన్ను 9,300 దాటుతుంది. 2,400తో మొదలైన ఇల్లు పదేళ్లలో నాలుగు రెట్లకు దగ్గరగా. ఏ ఒక్క ఏడాదీ 15 శాతం దాటలేదు, హామీ ఎక్కడా తప్పలేదు. కానీ ఆ ఇంటివాళ్లు మొదట్లో విన్నదానికీ చివరికి కట్టినదానికీ పొంతన ఉండదు.

వార్షిక పరిమితి పెంపు వేగాన్ని అదుపు చేస్తుంది. దూరాన్ని తగ్గించదు. దూరం ఎంతన్నది రేటు, విలువ తేలుస్తాయి. అందుకే పరిమితి గురించే మాట్లాడి రేటు గురించి మాట్లాడకపోవడం ఇంటివాళ్లకే నష్టం. 0.15 శాతం స్థానంలో 0.12 ఉంటే ఇదే ఇంటి గమ్యం 4,800, ఐదో ఏడాదికే మెట్లు అయిపోతాయి. ఆ 0.03 మీద వార్డు మీటింగుల్లో జరగాల్సినంత చర్చ జరగలేదు. 2021లో పౌర సంఘాలు, వామపక్షాలు వీధుల్లోకి వచ్చి కొత్త విధానం మొత్తాన్నీ వ్యతిరేకించాయి. పన్ను నేల విలువతో ముడిపడితే భూమి ధర పెరిగిన కొద్దీ పన్ను పెరుగుతూనే ఉంటుందన్న వాళ్ల భయంలో నిజం ఉంది.

పెంకుటింటికి పడే బరువు

ఆధారం మారినప్పుడు అందరికీ ఒకేలా పెరగదు. అద్దె లెక్కలో నేలకు పెద్ద ప్రమేయం లేదు, కట్టడం ఎంత, ఎలాంటిది అన్నదే ముఖ్యం. పాత పెంకుటిల్లయితే ఊహించే అద్దె తక్కువ, పన్నూ తక్కువ. మూలధన విలువలోకి నేల వచ్చి కూర్చుంటుంది. ఊరి నడిబొడ్డున తాతల నాటి పెంకుటిల్లు, చుట్టూ కాస్త దొడ్డి, ఒక వేపచెట్టు ఉన్న కుటుంబానికి ఆ నేలే లక్షలు పలుకుతుంది. పక్కనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు వాటాకు వచ్చే నేల ముప్పై, నలభై గజాలే. కాబట్టి పాత పన్నుకూ కొత్త గమ్యానికీ మధ్య దూరం పెంకుటింటికే ఎక్కువ. అపార్ట్‌మెంట్ వాళ్లు మూడు నాలుగు మెట్లలో పైకి చేరితే, వీళ్లకు పది పన్నెండు మెట్లు పట్టొచ్చు.

ఆ ఇంటిని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేస్తే పోతుంది కదా అనేవాళ్లు ఉంటారు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ కుటుంబం ఇష్టం. పన్ను బిల్లు వాళ్లను ఆ వైపు నెట్టకూడదు. వార్షిక పరిమితి అందరికంటే ఎక్కువగా కాపాడేది వీళ్లనే. పరిమితిని ఎత్తేయాలనో, 25 శాతానికి పెంచాలనో ఎప్పుడైనా ప్రతిపాదన వస్తే మొదట చూడాల్సింది ఇలాంటి ఇళ్ల లెక్క.

పరిమితి కిందికి రాని ఇళ్లు కూడా ఉన్నాయి. కొత్తగా కట్టిన ఇంటికి పాత పన్ను అంటూ ఏదీ ఉండదు. పాత పన్నే లేనప్పుడు 15 శాతం దేనిమీద లెక్కిస్తారు? మొదటి రోజునుంచే పూర్తి పన్ను. పైన ఒక అంతస్తు వేసినా, ముందుగదికి షట్టర్ పెట్టి కిరాణా కొట్టు పెట్టినా కొలతలు, వాడకం మారినట్టే, ఆ మేరకు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒకే వీధిలో, ఒకే విలువున్న రెండు ఇళ్లలో ఒకరు 3,000, మరొకరు 6,000 కట్టే పరిస్థితి కొన్నేళ్లు తప్పదు. మెట్లు పూర్తయ్యేసరికి ఇద్దరూ ఒకచోట కలుస్తారు కాబట్టి దీన్ని ఓర్చుకోవచ్చు. ఎప్పటికీ కలవని పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే కాలిఫోర్నియా వెళ్లాలి.

ఫ్రీమాంట్‌లో ఒక తీరు, ఫ్రిస్కోలో మరో తీరు

1970లలో కాలిఫోర్నియాలో ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి, వాటితోపాటే పన్నులూ. రిటైరైన వాళ్లు పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుందన్న భయం రాష్ట్రమంతా పాకింది. 1978 జూన్‌లో జనం ఓటు వేసి ప్రతిపాదన 13ను గెలిపించారు. పన్ను రేటు విలువలో 1 శాతం దాటకూడదు. విలువలు 1975 నాటి స్థాయికి వెనక్కి వెళ్లాలి. ఆ తర్వాత పన్ను కోసం లెక్కించే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొన్న ధర మీద కొత్తగా లెక్క.

ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంతకంటే గట్టి రక్షణ ఉండదు. వచ్చే ఏడాది పన్ను ఎంతో ఈ ఏడాదే చెప్పగలరు. దాని ధర మాత్రం కొత్తగా కొన్నవాళ్లు మోశారు. లాస్ ఏంజెలిస్‌లో 1988లో 1,70,000 డాలర్లకు ఇల్లు కొన్న ఒక మహిళకు ఏడాదికి సుమారు 1,700 డాలర్ల పన్ను పడింది. దాదాపు అలాంటి ఇంట్లోనే 1975 నుంచి ఉంటున్నవాళ్లు కడుతున్నది 360 డాలర్ల లోపు. ఆమె కోర్టుకు వెళ్లింది. నార్డ్‌లింగర్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1992లో అమెరికా సుప్రీంకోర్టు, ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. చట్టం నిలబడింది, తేడా కూడా అలాగే నిలబడింది. ఇప్పుడు ఫ్రీమాంట్‌లోనో శాన్ హోజేలోనో ఇల్లు కొంటున్న తెలుగు కుటుంబం, ఎనభైల్లో కొన్న పక్కింటివాళ్ల కంటే ఎన్నో రెట్లు పన్ను కడుతూ అదే స్కూలు, అదే రోడ్డు వాడుకుంటుంది. పిల్లలు వెళ్లిపోయి ఇల్లు పెద్దదైపోయినా చాలామంది పాతవాళ్లు కదలరు, కదిలితే చవక పన్ను పోతుందన్న బెంగ.

టెక్సాస్‌ది ఇంకో దారి. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ బరువు చాలావరకు ఇంటి పన్ను మీదే పడుతుంది. యజమాని తానే ఉంటున్న ఇంటికి, దాన్ని హోమ్‌స్టెడ్ అంటారు, పన్ను విలువ ఏటా 10 శాతం దాటి పెరగకూడదు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏప్రిల్ రాగానే విలువల నోటీసులు, మే 15లోగా అభ్యంతరం వేయడం గురించే మాటలు. అక్కడివాళ్లకూ మెట్ల లెక్క తలనొప్పి తెచ్చింది. ధరలు ఒక్కసారిగా ఎగిసిన తర్వాత బజారు చల్లబడినా పన్ను విలువ పెరుగుతూనే వస్తుంది. ఎందుకంటే పరిమితి వల్ల అప్పుడు వెనకబడిన పన్ను విలువ బజారు విలువను ఇంకా అందుకోలేదు. బెజవాడ ఇంటి 15 శాతానికీ ఫ్రిస్కో ఇంటి 10 శాతానికీ నడక ఒకటే.

టెక్సాస్‌లో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 2019 చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు తమ నిర్వహణ ఖర్చుల కోసం పాత ఆస్తుల మీద వసూలు చేసే మొత్తం ఏటా 3.5 శాతం మించి పెరగాలంటే ఓటర్ల అనుమతి తీసుకోవాలి. పరిమితి ఇంటి మీదే కాదు, ఊరి మొత్తం వసూలు మీద కూడా ఉందన్నమాట. విలువలు బాగా పెరిగిన ఏడాది నగరం తన రేటును తగ్గించుకోవాల్సి వస్తుంది. మన మున్సిపల్ చట్టాల్లో ఇంటివాళ్లకు కావలసిన రక్షణ ఇదే. రిజిస్ట్రేషన్ విలువలు స్టాంపు డ్యూటీ ఆదాయం కోసం రాష్ట్రం పెంచుతుంది. ఆ పెంపు వల్ల ఇంటి పన్ను దానంతటదే ఎగరకూడదంటే, విలువ పెరిగిన మేరకు రేటు తగ్గాలి. ఎంత తగ్గిస్తున్నారో, ఎంత ఉంచుతున్నారో కౌన్సిల్ తీర్మానం చేసి చెప్పాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు అక్కడ పన్ను వాయిదా వేసుకునే హక్కు కూడా ఉంది. కొంత వడ్డీ పడుతుంది కానీ బతికినంతకాలం ఇల్లు పోదన్న ధీమా ఉంటుంది. మన దగ్గర ఒంటరిగా బతికే పెద్దవాళ్లకు నెలకు 2 శాతం వడ్డీకి బదులు ఇలాంటి ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేది.

చెన్నై నేర్పేది

పరిమితి పెట్టడం ఒక ఎత్తు, పరిమితి అవసరమయ్యేంత దూరం రానివ్వకపోవడం ఇంకో ఎత్తు. చెన్నై పాత నగర ప్రాంతంలో 1998 తర్వాత ఆస్తి పన్ను సాధారణ సవరణ నిలబడలేదు. 2018లో పెంచారు, గొడవయింది, 2019లో వెనక్కి తీసుకున్నారు. చివరికి 2022 ఏప్రిల్‌లో ఒక్కసారిగా పెంచారు. అక్కడ 600 చదరపు అడుగుల లోపు ఇంటికి 50 శాతం, 1,200 లోపు 75, 1,800 లోపు 100, ఆపైన 150 శాతం. మధ్యతరగతి ఇళ్లలో పన్ను ఒక్క అర్ధ సంవత్సరంలో రెట్టింపుకు దగ్గరైంది. చిన్న ఇళ్లకు తక్కువ, పెద్ద ఇళ్లకు ఎక్కువ అని మెట్లు కట్టారు, అది మెచ్చుకోదగ్గదే. కానీ ఇరవై నాలుగేళ్ల పెంపును ఒకే నోటీసులో పెట్టిన తీరు ఇంటివాళ్లకు ఊపిరాడనివ్వలేదు. ఆ తర్వాత తమిళనాడు ఏటా కొద్దికొద్దిగా పెంచే నియమం తెచ్చింది, 2024లో చెన్నైలో అలా 6 శాతం పెరిగింది.

ఆరు శాతం కూడా ఎవరికీ ఇష్టంగా ఉండదు. కానీ ధరలు, జీతాలు ఎంతోకొంత పెరుగుతున్నప్పుడు అది ఇంటి ఖర్చుల్లో ఇమిడిపోతుంది. ఐదు ఆరు శాతం చొప్పున 2002 నుంచి సవరిస్తూ వచ్చి ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 15 శాతం పరిమితి అన్న మాటే అవసరం అయ్యేది కాదు. పదిహేనో ఆర్థిక సంఘం కూడా ఇదే దారి చూపింది. పట్టణాలకు గ్రాంట్లు రావాలంటే ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఉత్పత్తి పెరుగుదలతో కలిసి నడవాలంది. దీన్ని రేటు పెంచి సాధించొచ్చు, లేదా పన్ను జాబితాలో లేని భవనాలను జాబితాలోకి తెచ్చి సాధించొచ్చు. 2016-17 ఆర్థిక సర్వే శాటిలైట్ చిత్రాలతో చూసి, బెంగళూరు, జైపూర్ నగరాలు రావాల్సిన ఆస్తి పన్నులో 5 నుంచి 20 శాతం లోపే రాబడుతున్నాయని అంచనా వేసింది. కడుతున్నవాళ్ల మీద మెట్లు పెంచే ముందు కట్టనివాళ్లను లెక్కలోకి తేవడం న్యాయం.

హైదరాబాద్ ఇంకా ఎక్కని మెట్లు

హైదరాబాద్‌లో ఇళ్ల పన్నుకు ఆధారం ఇప్పటికీ అద్దె విలువే. ప్రాంతాన్ని బట్టి చదరపు అడుగుకు నెలకు ఇంత అని రేటు. అది రూపాయి అనుకుంటే, వెయ్యి అడుగుల ఫ్లాటుకు నెలకు వెయ్యి, ఏడాదికి 12,000 అద్దె విలువ. పాతికేళ్ల లోపు భవనానికి తరుగుదల 10 శాతం తీసేస్తే 10,800. దానిమీద 30 శాతం, 3,240. గ్రంథాలయ సెస్సు 8 శాతం కలిపితే దాదాపు 3,500. అదే ఫ్లాటుకు బయట నెలకు ఇరవై వేలు అద్దె పలుకుతుండొచ్చు. అంటే కాగితం మీది అద్దెకూ అసలు అద్దెకూ మధ్య ఇరవై రెట్ల దూరం. నగరం పెరిగిన ప్రతి ఏడాదీ ఈ దూరం పెరుగుతోంది.

ఇప్పటిదాకా అక్కడ ఊరట వచ్చిన పద్ధతి వేరు. 2016 బల్దియా (నగర పాలక సంస్థ) ఎన్నికల ముందు, ఏడాది పన్ను 1,200 లోపు ఉన్న ఇళ్లకు దాన్ని 101 రూపాయలు చేశారు. 2020 దీపావళికి, మళ్లీ ఎన్నికల ముందు, 15,000 లోపు పన్నున్న ఇళ్లకు ఆ ఏడాదికి సగం మాఫీ ఇచ్చారు. బకాయిదారులకు వడ్డీలో 90 శాతం తగ్గించే వన్ టైమ్ స్కీములు పలుమార్లు వచ్చాయి. వరదలు, కరోనాతో నలిగిన ఏడాది సగం పన్ను తగ్గడం నిజంగా ఆదుకుంది. కానీ ఇవన్నీ ఒక ఏడాది ఇచ్చి మరో ఏడాది ఇవ్వకపోవచ్చు. ఇంటాయన వీటిని నమ్ముకుని ఐదేళ్ల తర్వాతి ఖర్చు లెక్క వేసుకోలేడు. వడ్డీ మాఫీ వల్ల ఏటా గడువులోపు కట్టినవాళ్లకు దక్కేది ఏమీ లేదు.

హైదరాబాద్‌లో రేట్లు సవరించే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ రోజుకు ముందే చట్టంలో రాసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. పెంపు ఏడాదికి ఇంతకు మించదన్న అంకె, అది పది లోపు ఉంటే మేలు, ఎందుకంటే 10 శాతమైనా ఏడెనిమిదేళ్లలో రెట్టింపే. ఉన్న ఇంట్లో యజమానే ఉంటే ఒక లెక్క, పది ఫ్లాట్లు అద్దెకిచ్చేవాళ్లకు ఇంకో లెక్క. పెద్దవాళ్లకు వాయిదా హక్కు. అన్నిటికంటే సులువైనది, పైసా ఖర్చు లేనిది, డిమాండ్ నోటీసు మీద రెండు వరుసలు అచ్చువేయడం. ప్రస్తుతం ఆ కాగితం మీద ఉండేవి అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, ఏప్రిల్-సెప్టెంబర్ అర్ధ సంవత్సరానికి ఇంత, అక్టోబర్-మార్చికి ఇంత, బకాయి ఇంత, వడ్డీ ఇంత. పైన చూసిన ఆంధ్రప్రదేశ్ ఇంటి లెక్కే తీసుకుంటే, వాటి కింద 'ఈ ఇంటి పూర్తి పన్ను 6,000, మీరు ఈ ఏడాది కడుతున్నది 4,827' అని ఒక వరుస, 'ఇప్పటి విలువల ప్రకారం పూర్తి పన్నుకు చేరేది 2027-28లో' అని రెండో వరుస ఉంటే చాలు. పూర్తి పన్ను అంకె తప్పుగా పడినా, గజాలు ఎక్కువ రాసినా, రెండు గదుల పెంకుటిల్లు ఆర్‌సీసీ భవనంగా నమోదైనా ఆ వరుస చూసిన రోజే ఇంటివాళ్లు పట్టుకుని, నోటీసులో ఇచ్చిన గడువులోపు రివిజన్ పిటిషన్ పెట్టుకోగలరు. ఆ అంకె కనబడకపోతే తప్పు ఆరేళ్లపాటు 15 శాతం చాటున దాగి ఉండి, ఏడో ఏడాది బయటపడుతుంది. అప్పటికి పిటిషన్ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.